మూడు రోజుల దండ

పొద్దుగాల మబ్బు కిందికి దిగి కోరుట్ల కొత్త కాలనీ నీళ్ల ట్యాంకుల మీద ఆగింది. వాన పడలే, ఎండ రాలే. డాబా మీద ఆరబోసిన మక్కలు ఎత్తాల్నా వద్దా అని సత్యవ్వ రెండుసార్లు మెట్లెక్కి దిగింది.

మూడోసారి దిగేసరికి హాల్ల లసుమవ్వ ఏడుస్తున్నది.

పక్కింటి లసుమవ్వ ఎప్పుడచ్చినా సోఫాల కూసుంటది, రిమోటు చేతికి తీసుకుంటది. ఇయ్యాల గడప కాడ కింద కూసున్నది. సత్యవ్వ కోడలు ఉమారాణి చేతులు రెండు పట్టుకొని, కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్నది.

"ఏమైందక్కా? ఏమైందో చెప్పరాదు?" అని ఉమారాణి అడుగుతనే ఉన్నది.

లసుమవ్వ చెప్పలే. ఉమారాణి కోడలు శ్వేత చాయ్ తెచ్చిపెడితె వద్దని చెయ్యి ఊపింది. ముక్కు తుడుసుకొని లేసి, చెప్పులు తొడుక్కొని, గేటు దాటి పోయింది.

సత్యవ్వ ఆ గేటు దిక్కే చూసుకుంట నిలబడ్డది.

"అది పోయొస్త అనలే," అన్నది.

"ఏందత్తా?"

"లసుమవ్వ. పోయొస్త అనకుంట పోయింది."

సావు ఇంటికి పోయినోళ్లే లేసేటప్పుడు ఆ మాట అనరు. అంటె, గసొంటి పని మీద ఆ ఇంటికి మల్ల రావాల్నని కోరుకున్నట్టయితది. ఉమారాణికి కూడ ఆ సంగతి ఎరుకే. అత్తా కోడండ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకోలే.

గప్పుడే ఉమారాణి కొడుకు అఖిల్ లోపటి నుంచి అచ్చిండు. కరెంటాఫీసుకు తయారైతున్నట్టున్నడు, సగం చెంపకు గడ్డం నురగ అట్లనే ఉన్నది. చేతిల ఫోన్.

"అమ్మా, గీ ఫోటో చూడు."

సిరిసిల్ల చుట్టాల వాట్సాప్ గ్రూపు అది. ఎవ్వలో జగిత్యాల్ల ఫంక్షన్‌హాల్ ముందు కట్టిన ఫ్లెక్సీని ఫోటో తీసి పెట్టిండ్రు. కింద, 'జగదీశ్ స్వర్గస్తుడైండని ఇప్పుడే తెలిసింది, ఓం శాంతి' అని రాసి ఉన్నది. దాని కింద ముప్పై ఆరు ఓం శాంతులు. నడుమ ఒకాయన పొరపాటున గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు పెట్టి, మల్ల తీసేసి, రెండు చేతులు జోడించిండు.

ఫ్లెక్సీ మీద ఉన్నది వీళ్ల ఇల్లే.

వీళ్ల హాలు. బూడిద రంగు సోఫా, పైన మూల మూలకు లైట్లు పెట్టిన సీలింగ్, గోడంత టీవీ. సోఫాల అఖిల్, శ్వేత, నడుమ ఉమారాణి, ఒక కొసకు సత్యవ్వ. వెనుక గోడకు రెండు పటాలు. ఒకటి ఆరేండ్ల కింద కాలం చేసిన సత్యవ్వ పెనిమిటి బాలయ్యది. ఇంకోటి ఆయన కొడుకు, ఉమారాణి పెనిమిటి, జగదీశ్‌ది.

గంధపు చెక్కల దండ జగదీశ్ పటానికున్నది. బాలయ్య పటం ఉత్తగున్నది.

నలుగురు ఒక్కసారే తలకాయలెత్తి గోడ దిక్కు చూసిండ్రు. గోడ మీద అంత సక్కగనే ఉన్నది. దండ బాలయ్యకే ఉన్నది. జగదీశ్ ఉత్తగనే నవ్వుతున్నడు. పాస్‌పోర్టు కోసం దిగిన ఫోటో అది, పెద్దగ చేపిచ్చి లామినేషన్ ఏపిచ్చిండ్రు.

పదకొండేండ్ల కింద ఆయిన మస్కట్ నుంచి ఫోన్ చేసి, "రూము మారుతున్న, కొత్త నంబర్ రేపు చెప్త," అన్నడు. ఆ నంబర్ ఇంకా రాలే. సచ్చిండన్న కబురు రాలే, ఉన్నడన్న కబురు రాలే. పన్నెండేండ్లు జాడ లేనోనికి దర్భలతోని బొమ్మ చేసి దినాలు చెయ్యాలంటరు. ఆ లెక్క సత్యవ్వ కేలండర్ చూడకుంటనే చెప్తది. ఇంక ఎనిమిది నెలలున్నది.

"ఎవ్వలేసిండ్రే నా కొడుకుకు దండ?" అన్నది సత్యవ్వ. గొంతు ఎక్కువ చెయ్యలే. చెయ్యకపోతెనే భయమైంది.

సత్యవ్వ శ్వేత దిక్కు తిరిగింది.

"శ్వేతా. ఆ పొద్దు గోడలు తుడిసింది నువ్వు. ఫోటో సారును పిలిపిచ్చింది నువ్వు. నా నులక మంచం ఎనుక రూముల ఏపిచ్చింది నువ్వు."

"మంచం తీపిచ్చిన. అది ఒప్పుకుంట. దండ నేనెందుకేస్త బాపమ్మా?"

"ఫోటోల అందమస్తదని. మీ జగిత్యాల్ల ఉన్నోనికి సచ్చినోనికి తేడా ఉండదేమో."

"బాపమ్మా, ఊకో," అన్నడు అఖిల్.

"ఎందుకూకోవాలె? పెండ్లాన్నంటె నీకు రోషమస్తది. మీ బాపునంటె?"

శ్వేత చాయ్ కప్పు కింద పెట్టింది. బడిల పిల్లలకు లెక్కలు చెప్పే పిల్ల అది, మాట తడబడదు.

"నేను ఈ ఇంటికచ్చి పద్నాలుగు నెలలాయె. మామయ్య ఫోటోకు పొద్దున దండం పెట్టాల్నా, పెట్టొద్దా అని మూడుసార్లు అడిగిన. నువ్వు చెప్పలే. అత్తమ్మ చెప్పలే. దండం పెట్టేతందుకే భయపడేదాన్ని, దండ ఏస్తనా?"

ఉమారాణి ఆ కప్పు తీసి టీపాయి మీద పెట్టింది. 

సత్యవ్వ వంటింటి దిక్కు చెయ్యి చూపి అన్నది, "ముందుగాల పొయ్యి ముట్టియ్యిండ్రి. కుక్కర్ సప్పుడు వాడకట్టు దాక ఇనవడాలె. గీ ఇంట్ల సావు లేదని తెల్వాలె."

ఉమారాణి వంటింట్లకు నడిసింది. సిలిండర్ వాల్వు మీద చెయ్యేసింది గని తిప్పలే. గేటు కాడ బండి ఆగిన సప్పుడైంది.

అచ్చింది ఆమె అన్న, నర్సింగం. సిరిసిల్లల బట్ట నేసే కరెంటు మగ్గాలు, పద్నాలుగు సాంచెలున్న మనిషి. పొద్దున ఐదుకే బయలెల్లినట్టున్నడు, మఫ్లరు తీయలే. గేటు లోపటికి రాకుంట బయటనే నిలబడ్డడు.

"లోపటికి రా మామా," అన్నడు అఖిల్.

"వస్త. ఏ రోజు కబురచ్చింది? గది చెప్పు ముందు."

"కబురేం రాలే మామా..."

"రాలేదా? గంత పెద్ద ఫ్లెక్సీ కొట్టిపిచ్చిండ్రు, తోడబుట్టినోనికి ఒక్క ఫోన్ కొట్టనీకె తీరలేదా? నా చెల్లె పుస్తె సంగతి నేను గ్రూపుల చూసి తెలుసుకునుడా? నా సాంచెల కాడ పనిచేసేటోడు నాకు చెప్పిండురా. 'సేటూ, మీ బావ పోయిండట గదా' అని. నేను వానికేం చెప్పాలె? నాకు తెల్వదని చెప్పాల్నా?"

"నర్సింగం," అన్నది సత్యవ్వ మెట్ల మీద నిలబడి. "నా కొడుకు పోలే. లోపటికొచ్చి చాయ్ తాగు."

నర్సింగం ఆమెను చూసిండు. చెల్లెను చూసిండు. ఉమారాణి మెడల పుస్తె, నుదుట బొట్టు అట్లనే ఉన్నయి. ఆయిన మఫ్లర్ తీసి భుజం మీదేసుకొని లోపటికచ్చిండు. అయినా సోఫాల కూసోలే. గోడకు ఆనుకొని నిలబడ్డడు.

అఖిల్ ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. ఇన్నంతసేపు నర్సింగం పటాల దిక్కే చూసిండు.

"సరే, ఎవ్వలో తప్పు చేసిండ్రు," అన్నడు చివరికి. "గని అత్తా, నేనొక మాటంట, తిట్టకు. నాలుగూర్లకు సావు కబురు పోయింది. పోయిండన్నది అట్లనే ఉండనీ. ఇంక ఎనిమిది నెలలల్ల చేసేదే గదా. ఇప్పుడే పంతులును పిలుద్దాం. దినాలు చేద్దాం. నా చెల్లె ఇటు కాకుంట అటు కాకుంట ఎన్నేండ్లుంటది? పేరంటానికి పిలిస్తె పోవాల్నా తెల్వదు, పిలువకపోతె ఏడ్వాల్నా తెల్వదు."

"నీ కొడుకైతె గిట్లనే తొందర పెడుదువా?" అన్నది సత్యవ్వ.

నర్సింగం మల్ల పటాల దిక్కు తిరిగిండు.

గేటు కాడికి లసుమవ్వ కోడలు అచ్చింది. మెట్ల మీద నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ పెట్టి, ఏం మాట్లాడకుంట మల్లిపోయింది. సావు ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. పక్కోళ్లే బువ్వ పంపుతరు.

"తీసి అవతల పెట్టుండ్రి," అన్నది సత్యవ్వ. "గా బువ్వ ముట్టుకున్నోళ్లు నా కొడుకును సంపినోళ్లే."

శ్వేత క్యారియర్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. ఆరు కుర్చీల టేబుల్ అది. దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతరు గని తినేది తక్వ.

పదకొండు గొట్టంగ ప్రభుదాస్ అచ్చిండు.

ప్రభుదాస్‌కు జగిత్యాల్ల స్టూడియో ఉన్నది. ఇరవై ఏండ్లు పెండ్లిళ్లు తీసిండు. పోయిన ఏడాది నుంచి కొత్తగ ఇండ్లు కట్టుకున్నోళ్ల దగ్గరికి పోయి, వాళ్ల హాల్లనే వాళ్లను కూసోపెట్టి ఫోటోలు తీస్తున్నడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల ముప్పై రెండు ఇండ్లయినయి. వాటినే ఫంక్షన్‌హాల్ల గోడల పొంటి పెట్టి జనానికి చూపిస్తున్నడు; బయట కట్టిన ఫ్లెక్సీ దానికే.

ముప్పై రెండిండ్లల్ల ఆయినకు ఒకటి తెలిసింది. కెమెరా సంచి విప్పేలోపు ప్రతి ఇంట్ల ఏదో ఒక వస్తువు మాయమైతది. ఒక ఇంట్ల పాత కుట్టు మిషన్, ఒక ఇంట్ల రేకు పెట్టె, ఒక ఇంట్ల తాతనే. అది ఉన్న జాగల నేల మీద మరక మిగుల్తది. ఆయిన ఆ మరకలు చూస్తడు, ఏం అడుగడు.

ఇప్పుడు ఈ ఇంట్ల, ఆనాడు మాయమైన నులక మంచం కిటికీ కింద మల్ల ఉన్నది. దాని మీద సత్యవ్వ కూసోని ఉన్నది.

"ఫ్లెక్సీ తీసుకొచ్చిన అవ్వా," అన్నడు. చుట్ట చుట్టి బండికి కట్టుకొచ్చిండు, వాకిట్ల పెట్టిండు. "ఇగ అది ఎవ్వలకు కనవడది."

"చూసేటోళ్లందరు చూసినంక తెచ్చినవా ఫోటో సారూ?" అన్నడు నర్సింగం. "మనిషిని సంపి శవం ఇంటికి తెచ్చినట్టు."

ప్రభుదాస్ సోఫా ముందట కింద కూసున్నడు. సంచిలకెళ్లి లాప్‌టాప్ తీసి టీపాయి మీద పెట్టిండు. ఆనాడు తీసిన ఫోటోలు నలభై ఒకటి. ఒక్కొక్కటి జరుపుకుంట పోయిండు. అఖిల్, శ్వేత, నర్సింగం ఎనుక నిలబడ్డరు. సత్యవ్వ మంచం మీదికెళ్లి లేవలే.

మొదటి పదహారు ఫోటోలల్ల దండ బాలయ్యకే ఉన్నది. గని బాలయ్య మొఖం జాగల తెల్లటి మెరుపున్నది. ఆ పటానికి అద్దమున్నది, కిటికీ ఎలుగు అద్దానికి కొట్టింది.

పదిహేడో ఫోటోకు దండ జగదీశ్ మీదున్నది.

ప్రభుదాస్ చెయ్యి ఆగింది. గోడ దగ్గరికి పోయి మునికాళ్ల మీద నిలబడి చూసిండు. పటాలకు రెండు మేకులున్నయి. దండకు వేరే చిన్న మేకున్నది, జానెడు పైన. అక్కన్నుంచి అది పటం మీదికి జారి ఉన్నది.

"నేనే," అన్నడు.

"ఏం నేనే?" అన్నడు అఖిల్.

"మెరుపు కొడ్తున్నదని రెండు పటాలు అటుదిటు మార్చిన. అద్దమున్నది కిటికీకి దూరం పెట్టిన, అద్దం లేనిది గీడ పెట్టిన. దండ పటానికి ఉన్నదనుకున్న. అది గోడకున్నది." గొంతు తగ్గింది. "నాకు మెరుపే కనవడ్డది తమ్మీ. అది పోంగనే సంబురపడ్డ. దండ చూడలే."

శ్వేత సోఫాల కూలవడ్డది. పొద్దటి నుంచి బిగవట్టిన పిల్ల, గప్పుడు కండ్లల్ల నీళ్లు తీసింది. అఖిల్ ఆమె పక్కకు పోదామనుకొని బాపమ్మను చూసి ఆగిండు.

"నలభై ఒక్క ఫోటోలుండంగ గిదే దొరికిందా నీకు ఫ్లెక్సీకి?" అన్నడు నర్సింగం.

"ఇది బాగున్నదని ఏసిన."

"ఏం బాగున్నది? దండనా?"

"అక్క మొఖం," అన్నడు ప్రభుదాస్. "ముందటి వాటిల అందరు బిగుసుకొని కూసున్నరు. ముప్పై రెండిండ్లల్ల గంతే, కొత్త సోఫాల కూసోంగనే మనిషి కట్టె అయితడు. గీ ఒక్కదాంట్ల అక్క మొఖం... బరువు కిందికి దించినోళ్ల లెక్కున్నది. గట్లాంటి మొఖం నాకు యాడ దొరుకలే."

ఉమారాణి వంటింటి తలుపు కాడ నిలబడి ఉన్నది. కదలలే.

శ్వేత కండ్లు తుడుసుకొని లాప్‌టాప్ దిక్కు వంగింది. పదిహేడు మీదికెళ్లి పద్దెనిమిదికి జరిపింది. మల్ల ఎనుకకు పదిహేడుకు జరిపింది.

పదిహేడుల అందరు కెమెరాను చూస్తున్నరు. ఉమారాణి ఒక్కతే మెడ తిప్పి గోడను చూస్తున్నది. పద్దెనిమిదిల ఆమె కూడ కెమెరాను చూస్తున్నది. ఫ్లెక్సీ మీదేసింది పద్దెనిమిదే.

శ్వేత సప్పుడు చెయ్యకుంట లాప్‌టాప్ మూతెయ్యబోయింది. సత్యవ్వ మంచం మీదికెళ్లే అడిగింది.

"ఏం చూసినవే?"

"ఏం లేదు బాపమ్మా."

"నా కండ్లకు శుక్లాలున్నయి గని చెవులకు లేవు. నీ ఊపిరి ఆగింది. ఏం చూసినవ్?"

 ప్రభుదాస్ గోడ దిక్కు చూసుకుంట అన్నడు, తనకు తాను చెప్పుకున్నట్టు: "నేను పోయేటప్పుడు పటాలు మల్ల మార్చుడు మరిచిన. అట్లనే పోయిన. మరి ఇప్పుడు సక్కగున్నయి. ఎవ్వలు మార్చిండ్రు?"

ఉమారాణి తలుపు కాడికెళ్లి రెండడుగులు ముందటికచ్చింది.

"నేనే మార్చిన," అన్నది ఉమారాణి.

సత్యవ్వ మెల్లగ మంచం మీదికెళ్లి కాళ్లు కింద పెట్టింది.

"అంటె నువ్వు చూసినవ్."

"చూసిన. గప్పుడే చూసిన."

"చూసి, ఆ సారుకు చెప్పలే?"

"చెప్పలే."

"ఎప్పుడు మార్చినవ్? ఆ పొద్దేనా?"

ఉమారాణి కొంగు కొస వేలుకు చుట్టుకున్నది, విప్పింది.

"మూడు రోజులైనంక. శ్వేతోళ్లు జగిత్యాల పోయి అచ్చే లోపు."

"చెల్లే," అన్నడు నర్సింగం. ఆమె ఆయిన దిక్కు చూడలే. అత్తనే చూస్తున్నది.

"మూడు రోజులు నా కొడుకు మీద దండ పెట్టి, నా ముందట తిరిగినవ్. నా కండ్లు కనవడవని."

"తీద్దామనే పోయిన అత్తా. రోజూ పోయిన. చెయ్యి రాలే." ఆమె గొంతుల ఏడుపు లేదు. అలిసిపోయిన మనిషి లెక్క చెప్పింది. "పదకొండేండ్లాయె. కుక్క రాసుకొని గేటు కదిలినా లేసి కూసుంట. నీకు తెలుసు, నువ్వు కూడ లేస్తవు గదా. ఇద్దరం లేసి, ఒకరికొకరం చెప్పుకోకుంట మల్ల పండుకుంటం. ఆ మూడు రోజులు నాకు నిద్ర పట్టింది. తెల్లారే దాక పట్టింది. గంతే అత్తా. వేరే ఏం లేదు."

సత్యవ్వ మంచం నులకను వేళ్లతోని సవరించుకుంట కూసున్నది.  

బయట మబ్బు అట్లనే ఉన్నది. మక్కల సంగతి ఎవ్వలకు యాదికి లేదు.

"నేను పోయొస్త," అని ప్రభుదాస్ లాప్‌టాప్ సంచిల పెట్టుకున్నడు. ఆ మాట అనంగనే సత్యవ్వ తలకాయెత్తి ఆయినను చూసింది. పొద్దటి నుంచి ఆ ఇంట్ల ఆ మాట అన్నది ఆయినొక్కడే.

"తిని పో," అన్నది.

ఉమారాణి వంటింట్లకు పోయింది. "పొయ్యి ముట్టిస్తున్న అత్తా," అన్నది లోపటి నుంచి. "పొద్దటి నుంచి అంటున్నవు గదా." బియ్యం కడిగిన సప్పుడు, వాల్వు తిప్పిన సప్పుడు. కుక్కర్ కూతేసింది. ఒకటి. రెండు. మూడు. వాడకట్టంత ఇనవడ్డది.

సత్యవ్వ టేబుల్ మీద తినదు. ఆమె కింద కూసుంటె అందరు కిందనే కూసున్నరు. శ్వేత పళ్లాలు పెట్టింది. నర్సింగం మఫ్లర్ మడిచి పక్కకు పెట్టిండు. గోడ మీద తండ్రీ కొడుకులు ఎవ్వల జాగల వాళ్లున్నరు.

ఉమారాణి పొగలెల్లే బువ్వ తెచ్చి ముందుగాల అత్త పళ్లెంల పెట్టబోయింది.

సత్యవ్వ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"శ్వేతా, ఆ క్యారియర్ గిట్ల తే."

శ్వేత తెచ్చి ముందట పెట్టింది. సత్యవ్వ గొళ్లెం తీసి, పై గిన్నె దించి, లసుమవ్వ పంపిన చల్లటి బువ్వ తన పళ్లెంల ఏసుకున్నది. పప్పు పోసుకున్నది.  ముద్ద చేసి నోట్ల పెట్టుకున్నది. నమిలింది. మింగింది.

గంటె పట్టుకొని ఉమారాణి అట్లనే నిలబడ్డది.

సత్యవ్వ రెండో ముద్ద కలుపుకుంట, ఖాళీ చేత్తోని పక్కన నేలను తట్టింది. ఉమారాణి అక్కడ కూసున్నది. తన పళ్లెంల తను వండిన బువ్వనే పెట్టుకున్నది. అఖిల్ ఏ గిన్నెల చెయ్యి పెట్టాల్నో తెల్వక చానసేపు చూసి, శ్వేత ఏది పెడితె అదే తిన్నడు. ప్రభుదాస్ తలకాయ దించుకొని తిన్నడు.

 శ్వేత లేసి అందరికి నీళ్లు పోసింది.

నడుమ గేటు గొళ్లెం కదిలిన సప్పుడైంది.

ఉమారాణి చెయ్యి ఆగలే. ముద్ద నోటికి పోయింది.

సత్యవ్వ చెయ్యి ఆగింది.